పొలొన్నరువలో కోతుల పద్దు

శుక్రవారం: హబరణ నుంచి కదురువెల

శ్రీలంకలోని హబరణ కూడలిలో నిలబడితే పొలొన్నరువ వైపు బస్సులు వస్తూనే ఉంటాయి. టికెట్ రెండొందల లంక రూపాయల లోపే. మన రూపాయికి అక్కడివి మూడున్నర దాకా వస్తాయి కాబట్టి భయపడే ఖర్చు కాదు. ఆగస్టులో మిన్నేరియ చెరువు నీళ్లు లోపలికి జరిగి ఒడ్డంతా పచ్చిక మొలుస్తుంది. ఆ పచ్చికకు ఏనుగులు, ఏనుగులకు జీపులు. రోడ్డు పక్కన ఆగి ఉన్న జీపులను తప్పించుకుంటూ బస్సు నడుస్తుంది.

కొత్తవాళ్లు తికమకపడేది దిగే చోట. పొలొన్నరువ బస్టాండూ రైల్వేస్టేషనూ ఉన్నది కదురువెలలో. శిథిలాలు, చెరువు, కోతులు ఉన్న పాత ఊరు దానికి నాలుగు కిలోమీటర్ల ముందే వస్తుంది. కండక్టరుకు ‘ఓల్డ్ టౌన్’ అని ముందే చెప్పి పెట్టకపోతే కదురువెల దాకా పోయి, వచ్చిన దారినే వెనక్కి రావాలి. ఆటోవాడు అడిగేది హబరణ నుంచి ఇచ్చిన బస్సు టికెట్ కన్నా ఎక్కువే ఉంటుంది.

పాత ఊళ్లో చెరువు కట్టకు దగ్గరగా టీ కొట్లున్నాయి. పాలు లేని టీ, పక్కన చిన్న బెల్లం ముక్క. బెల్లం కొరికి టీ గుటకేయాలి, కలపకూడదు. కోతుల కోసం వచ్చామంటే చాలు, ఎవరికి వారే ఫిర్యాదు మొదలుపెడతారు. 2025 ఫిబ్రవరి 9న దేశమంతా కరెంటు పోతే, పానదుర సబ్‌స్టేషన్‌లో కోతి తగలడమే కారణమని మంత్రి చెప్పారు. అంతకు ముందు 2023లో లక్ష కోతుల్ని చైనాకు పంపుతామన్న మాట లేచి, కోర్టు దాకా వెళ్లి ఆగింది. 2025 మార్చి 15న ఉదయం 8 గంటల నుంచి 8.05 దాకా, ఎవరి పెరట్లో ఉన్న కోతుల్ని, కొండముచ్చుల్ని, నెమళ్లను, ఉడతల్ని వాళ్లు లెక్కపెట్టి రాయాలని ప్రభుత్వం దేశం మొత్తానికి కాగితాలు పంచింది. కొట్టాయన వాదన సూటిగా ఉంది: ‘ఐదు నిమిషాల్లో కోతి మా గోడ దాటి పక్కింటికి పోతుంది. ఇక్కడా రాస్తాం, అక్కడా రాస్తారు.’

అదే ఊళ్లో ఇంకో లెక్క 1968 నుంచి నడుస్తోంది. వోల్ఫ్‌గాంగ్ డిటస్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ తరఫున మొదలుపెట్టిన అధ్యయనం అది. అందులో ‘ఎన్ని కోతులు’ అనేది చివరి ప్రశ్న. ఏ కోతి, ఎవరి కూతురు, నిన్న ఉందా, ఇవాళ ఉందా అన్నవి ముందు ప్రశ్నలు. ఇలా అర్ధశతాబ్దం పైగా రాసుకుంటూ పోతే తప్ప కోతుల సంసారం అర్థం కాదన్నది ఈ ఊరు చూస్తే తెలుస్తుంది.

శనివారం, తెల్లవారుజాము: చెరువు కట్ట

ఈ కోతిని సింహళంలో రిలవా అంటారు. ఇంగ్లీషులో టోక్ మెకాక్, శ్రీలంకలో తప్ప ఇంకెక్కడా లేదు. మన దక్షిణాదిలో కనబడే బానెట్ మెకాక్‌కు దగ్గరి చుట్టం, కానీ దానికన్నా చిన్నది. మెకాక్ వర్గం కోతులన్నిటిలోకీ ఇదే చిన్నదంటారు. పెద్ద ఆడది మూడున్నర కిలోల లోపు, మగది ఐదారు కిలోలు. నడినెత్తిన పాపిడి తీసినట్టు జుట్టు నలువైపులా పడుతుంది.

శిథిలాల గేటు ఏడింటికి గానీ తెరవరు. కోతులు అంతకు ముందే చెట్టు దిగిపోతాయి. అందుకని టికెట్ అక్కర్లేని చోట, కట్ట పక్క పెద్ద చెట్ల మీద పడుకునే గుంపును ఎంచుకోవాలి. ఐదున్నరకు చెట్టు కింద ఉండాలి. చీకట్లో నడిచేటప్పుడు టార్చి నేల మీదే వేయాలి, పైకి వేయకూడదు. కట్ట మీదకు అప్పుడప్పుడు ఏనుగు వస్తుంది కాబట్టి స్థానికుల తోడు లేకుండా బయల్దేరకూడదు. మా వెంట వచ్చిన పెద్దాయన వయసులో ఉన్నప్పుడు కోతుల లెక్కలు రాసే పనిలో ఉన్నాడు. ఆయన్ని అందరూ ‘అయ్యా’ అంటారు. సింహళంలో అది అన్నయ్య. తనకన్నా చిన్న మగవాళ్లను ‘మల్లీ’ అని, ఆడవాళ్లను ‘నంగీ’ అని పిలుస్తాడు. పేరుతో పిలవడం ఇక్కడ మర్యాద కాదు.

చెట్టు మీద కోతులు ఇష్టమొచ్చినట్టు పడుకోవు. తల్లి, ఆమె పిల్లలు, పెద్ద కూతురు, కూతురి బిడ్డ ఒక కొమ్మ మీద ముద్దగా ఉంటారు. వెలుతురు రాగానే ఆ ముద్దలు విడిపోయే లోపు ఎవరు ఎవరి పక్కన పడుకున్నారో రాసుకోవాలి. చుట్టరికాలు తెలిసేది అక్కడే. ఆ తర్వాత గుంపు దిగే కొమ్మ ఒకటుంటుంది. ఆ కొమ్మ ఎదురుగా కూర్చుంటే ఒక్కొక్కటే వరసగా ముందు నుంచి పోతాయి. జాబితాలో టిక్కు పెట్టుకోవడానికి రోజు మొత్తంలో ఇంత మంచి సమయం మళ్లీ దొరకదు.

గుర్తుపట్టేది ముఖాన్ని బట్టి. రంగు పూయడం, పట్టీ కట్టడం అక్కర్లేదు. ఈ జాతిలో పెద్ద ఆడకోతుల ముఖం ఎర్రబారుతుంది. ఆ ఎరుపులో నల్లమచ్చలు ఎక్కడున్నాయి, చెవి అంచు చిరిగిందా, నెత్తి పాపిడి ఏ పక్కకు తిరిగింది, తోక కొస విరిగిందా, వేలు పోయిందా అన్నవి చూస్తారు. ప్రతి కోతికీ ఒక కార్డు. దాని మీద ముఖం బొమ్మ, కుడి పక్క, ఎడమ పక్క విడివిడిగా. ఫోటో కన్నా చేత్తో గీసిన బొమ్మే పనికొస్తుందని పెద్దాయన పట్టుదల. గీయాలంటే చూడక తప్పదు, ఫోటో తీసినవాడు చూశాననుకుంటాడు. పొరపాట్లు ఎక్కువగా జరిగేది అక్కచెల్లెళ్ల దగ్గర, ఏడాది రెండేళ్ల పిల్లల దగ్గర. పిల్లల ముఖం మారిపోతుంటుంది కాబట్టి వాటి కార్డులు కొన్ని నెలలకోసారి తిరగరాయాలి. ఒక్క ఏడాది బద్ధకిస్తే ఆ తరం పిల్లలు ఎవరి పిల్లలో తెలియకుండా పోతాయి. తర్వాత ఎంత కష్టపడ్డా ఆ ఖాళీ నిండదు, డీఎన్‌ఏ పరీక్షకు డబ్బుంటే తప్ప.

జాబితాలో టిక్కు పడని పేరు దగ్గర అసలు పని మొదలవుతుంది. ఈ కోతుల్లో ఆడది పుట్టిన గుంపులోనే పెరిగి అక్కడే పోతుంది. మగది పెద్దవుతూనే వేరే గుంపుకు వలసపోతుంది. అందుకని ఆడకోతి కనబడకపోతే, మర్నాడూ ఆ మర్నాడూ వెతికి, గుంపు చీలలేదని చూసుకుని, చనిపోయినట్టు రాస్తారు. యువ మగకోతి కనబడకపోతే అలా రాయకూడదు. చుట్టుపక్కల గుంపులన్నీ వెతకాలి. అందుకే ఒక్క గుంపును చదివితే చాలదు, పక్క గుంపులకూ కార్డులుండాలి. ఇంత జాగ్రత్తగా రాసినందుకే 1970లలో డిటస్ ఒక గట్టి లెక్క చెప్పగలిగాడు. పుట్టిన మగపిల్లల్లో దాదాపు 90 శాతం, ఆడపిల్లల్లో 85 శాతం పెద్దయ్యే లోపే చనిపోతున్నాయి. ఆడపిల్లలు ఎక్కువగా పోయేది చిన్నతనంలో, తిండి దగ్గర అందరూ తోసేస్తుంటే. మగపిల్లలు పోయేది ఇల్లు విడిచే వయసులో.

ఏడున్నరకు తిరిగి రోడ్డు మీదికి వస్తే కొలకెంద అమ్ముతుంటారు. ఆకుకూర రసం, బియ్యం, కొబ్బరిపాలు కలిపి కాచిన పచ్చటి జావ. బెల్లం ముక్కతో గ్లాసు వంద రూపాయలు. పక్కనే కిరిబత్, కొబ్బరిపాల అన్నం పలకలుగా కోసి, ఎండుమిరప ఉల్లి నూరిన లూనుమిరిస్‌తో. మన నోటికి కారం సరిపోతుంది, ఉప్పు కాస్త ఎక్కువ.

శనివారం, పగలు: చతుష్కోణం చుట్టూ

గేటు దగ్గర పాస్‌పోర్టు చూపిస్తే సార్క్ దేశాల వాళ్లకు విదేశీ టికెట్‌లో సగమే. కాగితం మీద ఫోటోకాపీ చూపిస్తే ఒప్పుకోరు, అసలుదే ఉండాలి. సైకిల్ అద్దె రోజుకు ఐదొందలు. బ్రేకులు, సీటు చూసుకుని తీసుకోవాలి. చతుష్కోణం అంటే పాత గుళ్లున్న నలుచదరపు ఆవరణ. అందులోని గుండ్రటి స్తూపమందిరం వటదాగె దగ్గర చెప్పులు, టోపీ తీయాలి. మధ్యాహ్నం పన్నెండుకు ఆ రాళ్లు కాలే తీరు చూసినవాళ్లు మందపాటి సాక్సులు తెచ్చుకుంటారు. బుద్ధుడికి వీపు చూపించి ఫోటో దిగితే కాపలావాళ్లు గట్టిగానే చెబుతారు.

సందర్శకులు వేసే తిండి కోసం ఇక్కడ ఒక గుంపు తిష్ట వేసింది. అడవిలో గంటలు పట్టే పాఠం ఇక్కడ పది నిమిషాల్లో కనబడుతుంది. ఎవరో అరటిపండు పడేశారు. అందుకున్నది ఒక చిన్న ఆడకోతి. గబగబా దవడ సంచిలో కుక్కుకుంది. పెద్ద హోదా ఆడది తాపీగా వచ్చి, చిన్నదాని దవడ పట్టుకుని, నోట్లో వేళ్లు పెట్టి పండు లాక్కుని తినేసింది. చిన్నది కొరకలేదు, అరవలేదు. పొలొన్నరువ రాతల్లో ఇది ఏనాటి నుంచో ఉన్న విషయమే. అందరూ దెబ్బలాటనే హోదా అనుకుంటారు. దెబ్బలాటలు తక్కువ, ఇలా జరగనివ్వడమే ఎక్కువ.

హోదా పట్టిక రాసే పద్ధతి సులువు, ఓపికే కష్టం. ఒక కోతి దగ్గరికొస్తే ఇంకోటి లేచి చోటివ్వడం, పళ్లు బయటపెట్టి భయం చూపడం, తిండి వదిలేయడం. వీటిని మాత్రమే గెలుపు ఓటములుగా రాస్తారు. అడ్డంగా గెలిచినవాళ్లు, నిలువుగా ఓడినవాళ్లు ఉన్న గళ్ల కాగితం నిండుతూ పోతే వరస తేలుతుంది. కూతురు తల్లి కిందే నిలబడుతుంది, మిగతా ఆడవాళ్లలో తల్లికన్నా తక్కువవాళ్లందరి పైనా. అక్కచెల్లెళ్లలో సాధారణంగా చిన్నదే పైమెట్టుకు వెళుతుంది, తల్లి అండ చిన్నదానికే కాబట్టి. మనుషుల జమీందారీలో పెద్దకొడుక్కి దక్కినదంతా ఇక్కడ చివరి కూతురికి దక్కుతుంది. మగవాళ్లకు ఈ వారసత్వం గుంపు దాటగానే రద్దు.

మరి రోజంతా ఎవరిని చూడాలి? కంటికి నచ్చినదాన్ని చూస్తే పుస్తకం నిండా కొట్లాటలూ పెద్ద మగవాళ్లే ఉంటారు. ఈ జబ్బుకు మందు 1974లో జీన్ ఆల్ట్‌మన్ రాసింది. కెన్యాలో అంబొసెలి బబూన్ల మీద ఏళ్ల తరబడి పనిచేసిన శాస్త్రవేత్త ఆమె. ముందురాత్రే చీటీలు తీసి వరస వేసుకోవాలి. ఆ వరసలో వచ్చిన కోతినే, నిర్ణయించిన నిమిషాల పాటు, పక్కన ఏం జరిగినా తల తిప్పకుండా చూడాలి. నిమిషానికోసారి అది ఏం చేస్తోంది, దగ్గరలో ఎవరు, ఎంత దూరం. ఉదయం చూసినదాన్ని మరోసారి సాయంత్రం చూడాలి, లేకపోతే పొద్దున్న మేసే కోతులు ఎప్పుడూ మేస్తాయనీ మధ్యాహ్నం నిద్రపోయేవి బద్ధకస్తులనీ లెక్క తేలుతుంది. కోతి కొమ్మల్లో మాయమైతే మాయమైన నిమిషాలు రాయాలి. మాయమైన వాటా పెరిగితే ఆ కాగితం కొట్టేయాలి. కొట్టేయడానికి మనసొప్పదు, అక్కడే లెక్కలు చెడతాయి.

పనిముట్ల సంగతి. బైనాక్యులర్ 8x42 చాలు. 10 రెట్లది చేతి వణుకునూ పెంచి చూపిస్తుంది, చెట్ల నీడలో వెలుతురూ తగ్గుతుంది. పెన్సిల్ వాడాలి, జెల్ పెన్ను చెమటకు కరిగిపోతుంది. ట్యాబ్లెట్‌లో రాసేవాళ్లు ఎండలో తెర కనబడక నీడ వెతుక్కునే లోపు కోతి పోతుంది. చెట్ల కింద జీపీఎస్ పది మీటర్లు అటూఇటూ చూపిస్తుంది, గుంపు తిరిగిన దారికి పర్లేదు గానీ ఫలానా చెట్టు అని చెప్పడానికి పనికిరాదు. చెట్లకు నంబరు రేకులు కొట్టడం అందుకే. ఇద్దరు కలిసి పనిచేస్తే కొన్ని వారాలకోసారి ఒకే కోతిని ఇద్దరూ విడివిడిగా రాసి పోల్చుకోవాలి. ‘బెదిరింపు’ అనే మాటకు ఇద్దరి అర్థాలూ మెల్లగా పక్కకు జరిగిపోతాయి, ఎవరికీ తెలియకుండానే.

కోతి పుండు బ్రహ్మరాక్షసి అని మనకో సామెత. గోకి గోకి పెద్దది చేసుకుంటుందని. ఇక్కడ గాయాల పద్దులు రాసినవాళ్లు దీన్ని ఒప్పుకోరు. తొడ మీద ఎముక కనబడేంత కాటు పడిన కోతి కట్టూ మందూ లేకుండా వారాల్లో కోలుకోవడం వాళ్లకు మామూలు. పేలు చూసే పేరుతో అయినవాళ్లు పుండు శుభ్రం చేస్తారు. గాయం ఎక్కడ పడింది, ఎంత పొడుగు, ఏ రోజు మూసుకుంది అన్నది రాయడం వల్ల ఇంకో లాభం, మచ్చలు మళ్లీ ముఖం కార్డులోకి గుర్తులుగా ఎక్కుతాయి.

భోజనం ఒక ఇంట్లో. మట్టి చట్టుల్లో పనస కూర, చెరువు చేప పులుసు, పప్పు, గొటుకొల ఆకుకూర తురుము, అప్పడం. తామరాకులో అన్నం. అడిగినంత వడ్డిస్తారు, మనిషికి ఎనిమిది వందలు. తినడం ఆపాలంటే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాలి, ‘చాలు’ అంటే వినరు.

ఆదివారం: పుట్టుకలు, పెంటికలు

సంతానం సంగతి తెలుసుకోవడం ఈ జాతిలో కష్టం. ఆడ బబూన్‌కు ఎదకొచ్చినప్పుడు వెనక భాగం వాచి దూరానికే కనబడుతుంది. రిలవాకు అంత వాపు రాదు. ప్రవర్తనే ఆధారం. ఒక మగది రోజంతా ఒకే ఆడదాని వెనక తిరగడం, ఇద్దరూ గుంపు అంచున మేయడం, మిగతా మగవాళ్లు దూరం నుంచి గమనించడం. అలాంటి జంట కట్ట దగ్గర ఆ ఉదయం కనబడింది. పెద్దాయన రాయించిన పద్ధతి ఇది: ఎవరు ఎవరిని వెంబడిస్తున్నారు, ఎంత దూరంలో, పేలు ఎవరు చూశారు, ఎన్నిసార్లు కలిశాయి, ఎవరు అడ్డుపడ్డారు. జతకట్టడం చూసినంత మాత్రాన తండ్రి పేరు రాయకూడదు. చాటుగా జరిగేవి మనకు కనబడవు. ఈ గుంపుల్లో తండ్రి ఎవరన్నది 1990లలో డీఎన్‌ఏతో తేల్చారు.

పుట్టుకను కనిపెట్టడానికి తల్లి పొట్ట మీద నమ్మకం పెట్టుకోకూడదు. అత్తిపండ్లు దొరికిన రోజున అందరూ గర్భిణుల్లాగే ఉంటారు. చనుమొనలు చూడాలి. ఒక్కసారీ పాలివ్వని ఆడదానికి అవి చిన్న చుక్కలు. కన్నదానికి సాగి వేలాడతాయి. కొత్త బిడ్డ జుట్టు నలుపు, ముఖం గులాబీ. కొన్ని నెలలకు ఆ నలుపు పోయి తల్లి రంగు వస్తుంది, కాబట్టి పుట్టిన వారంలోనే చూడగలిగితే తేదీ కచ్చితంగా రాయొచ్చు. ఆడో మగో తల్లి బిడ్డను ఎత్తి శుభ్రం చేసేదాకా ఆగి చూడాలి. ఊహించి రాస్తే తర్వాత ఏళ్ల లెక్కంతా వంకర పోతుంది. బిడ్డ పోతే తల్లి త్వరగా మళ్లీ కడుపుతో ఉంటుంది, బతికితే పాలిచ్చినంత కాలం ఆగుతుంది. రెండు కాన్పుల మధ్య వ్యవధి అని కాగితం మీద కనబడే అంకె వెనక అసలు సంగతి ఇదే, మధ్యలో పుట్టి పోయిన బిడ్డను చూడకపోతే ఆ అంకెకు అర్థమే లేదు.

రోజులో సగం పని పెంటికల వెంట. వాటిలో హార్మోన్లు ఉంటాయి, పేగు గోడ కణాలుంటాయి, అంటే డీఎన్‌ఏ. పద్ధతి అంతా కోతిని ముట్టుకోకుండా ఉండటానికే. ఏ కోతి వేసిందో కళ్లారా చూసి ఉండాలి. రెండు కోతులు ఒకే కొమ్మ మీద ఉంటే వదిలేయాలి. అరగంట లోపు తీయాలి. ఎండ తగిలినా, మూత్రం కలిసినా పనికిరాదు. గ్లౌజు వేసుకుని, పుల్లతో గింజలు పక్కకు తీసి, కలిపి, రెండు గ్రాములు ట్యూబులోకి. హార్మోన్ల కోసమైతే ఆల్కహాల్‌లో గానీ ఐసులో గానీ. డీఎన్‌ఏ కోసమైతే ఒక రోజు పైగా ఆల్కహాల్‌లో ఉంచి, తర్వాత తేమ పీల్చే సిలికా గింజల మీదకు మారుస్తారు. గింజల రంగు మారితే తేమ ఎక్కిందని, వెంటనే కొత్తవి వేయాలి. అందరూ దెబ్బతినేది చీటీ దగ్గర. ఆల్కహాల్ ఒక్క చుక్క కారితే మార్కర్ రాత చెరిగిపోతుంది. పెన్సిల్‌తో రాసిన కాగితం ముక్క ట్యూబు లోపల, ఇంకోటి బయట. కోతి పేరు, తేదీ, గంట. ఇవాళ్టి పెంటికలో కనబడే హార్మోన్ ఇవాళ్టిది కాదు, ఒకటి రెండు రోజుల కిందటిది. జతకట్టిన రోజుతో పోల్చేటప్పుడు అన్ని రోజులు వెనక్కి జరపాలి.

దగ్గరికి వెళ్లేటప్పుడు కనీసం ఐదారు మీటర్లు దూరం. జలుబు ఉంటే ఆ రోజు అసలు వెళ్లకూడదు. కళ్లలోకి సూటిగా చూడటం బెదిరింపు కింద లెక్క. కరిచినా రక్కినా పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి, ఆసుపత్రికి పోయి రేబిస్ టీకా వేయించుకోవాలి. ఎవరైనా ఇక్కడ అధ్యయనం చేద్దామనుకుంటే వన్యప్రాణి శాఖ అనుమతితో పాటు పురావస్తు శాఖ అనుమతీ కావాలి, చెట్లున్నది శిథిలాల మధ్య కదా. పెంటికల ట్యూబులు దేశం దాటించడానికి మళ్లీ వేరే కాగితాలు.

సోమవారం: అలహన పిరివెన, కొండముచ్చులు

పొలొన్నరువలో పగటి పూట తిరిగే మూడు కోతి జాతులూ ఒకే చెట్టు మీద కనబడతాయి. రిలవా కింది కొమ్మల్లో, బూడిదరంగు కొండముచ్చు పైన, ఇంకా గుబురులో ముఖం నల్లగా ఉండే ఊదా కొండముచ్చు. రాత్రికి దేవాంగపిల్లి. 1960లలో సుజాన్ రిప్లీ బూడిద కొండముచ్చుల గుంపులు ఎదురుపడినప్పుడు ఏం జరుగుతుందో ఇక్కడే చదివింది. తర్వాత శ్రీలంక శాస్త్రవేత్త రుద్రన్ ఊదా కొండముచ్చుల మీద 1973లో రాశాడు. వీటిలో గుంపుకు మగది ఒక్కటే. ఆ ఒక్కటి మారితే గుంపులో పిల్లల వయసుల పొందిక మొత్తం మారిపోతుందని చూపించాడు.

కొత్త మగది వచ్చి పాలుతాగే బిడ్డల్ని చంపుతుందన్న చర్చ మన దేశంలోనే మొదలైంది. 1960లలో ధార్వాడ్‌లో సుగియామా, తర్వాత జోధ్‌పూర్‌లో మొహ్నోత్, 1970లలో మౌంట్ ఆబూలో సారా హర్డీ. బిడ్డ పోతే తల్లి త్వరగా ఎదకొస్తుంది, కొత్త మగదానికి సొంత బిడ్డలు పుడతాయి అన్నది హర్డీ వాదన. రద్దీ వల్ల వచ్చే వెర్రి అన్నది ఎదుటివాళ్ల వాదన. ఏది నిజమో తేలాలంటే పాత మగది ఉన్నప్పటి నుంచి కొత్తదాని పిల్లలు పెరిగేదాకా, తండ్రుల పరీక్షతో సహా, ఒకే గుంపును వదలకుండా చూడాలి. ఒక సీజన్ సెలవుల్లో వచ్చి చూసేవారికి కనబడేది ఓ కొట్లాట, ఓ చచ్చిన పిల్ల, అంతే.

కొండముచ్చుల దగ్గర కొత్తవాళ్లు పొరబడే చోటు ఇంకొకటి. పుట్టిన రోజునే బిడ్డ చేతులు మారుతుంది, అక్కలూ పిన్నులూ ఎత్తుకు తిరుగుతారు. మోస్తున్నది తల్లి అనుకుని రాయకూడదు. పాలు తాగిందా చూడాలి. రిలవా తల్లి అంత తేలిగ్గా ఇవ్వదు.

అలహన పిరివెన అనే పాత బౌద్ధ మఠం శిథిలాల వెనక అడవిలో పెద్ద చెట్లు తక్కువ, పొదలు ఎక్కువ. 1978 నవంబరు తుపాను దెబ్బ అది. పెద్ద చెట్లు కూలితే, మిగిలిన కొద్ది మేత చెట్ల మీద కొండముచ్చులన్నీ పడ్డాయి. తుపానుకు ముందే పదేళ్ల లెక్కలు చేతిలో ఉండబట్టి ముందూ వెనకా పోల్చడం కుదిరింది.

మంగళవారం: గిరితలె వైపు తోటలు

సైకిల్ మీద గిరితలె దారి పట్టాలంటే చెరువు కట్ట మీదుగా వెళ్లకండి, కాలువ దగ్గర దారి చీలి పొలాల్లోకి పోతుంది. ప్రధాన రోడ్డే మంచిది, సాయంత్రం ఆరులోపు తిరిగి రావాలి. ఏనుగులే కారణం.

ఇక్కడి ఇళ్లలో కోతి గురించి ఎవరూ నవ్వుతూ మాట్లాడరు. లేత కొబ్బరికాయలకు తొలిచిన గుండ్రటి చిల్లులు చూపిస్తారు. అరటి గెలలకు సంచులు, పైకప్పు పెంకుల మీద ముళ్లకంప. ఒక గృహిణి వెలగపండు రసం ఇచ్చి, డబ్బులు తీసుకోకుండా, ‘ఈ ఒక్క చెట్టునే అవి మిగిల్చాయి’ అంది. మన నిర్మల్ జిల్లా రైతులకు ఈ బాధ చెప్పనక్కర్లేదు. అక్కడ చించోలి దగ్గర 2020లో కోతులకు ఆపరేషన్లు చేసే కేంద్రం పెట్టారు.

పెద్దాయన అభిప్రాయం, దానితో మేమూ ఏకీభవిస్తాం: చెత్తకుప్ప ఉన్నంత కాలం ఏం చేసినా దండగ. అడవిలో పిల్లలు చనిపోయేది తిండి దగ్గరి పోటీలో. చెత్త, ప్రసాదం, బిస్కెట్లు ఆ పోటీని తీసేస్తాయి, పిల్లలు బతుకుతాయి, గుంపు పెరుగుతుంది. బాగా పెరిగితే కింది హోదా ఆడవాళ్లు పిల్లల్ని తీసుకుని విడిపోయి కొత్త గుంపు కడతారు, ఈ చీలికను 1980లలో డిటస్ రాశాడు. ఆ కొత్త గుంపుకు దొరికే చోటు తోటే. కాబట్టి పట్టుకెళ్లి దూరంగా వదిలితే ఖాళీ అయిన చోటుకు పక్క గుంపు వస్తుంది, వదిలిన చోట కొత్త గొడవ. ఆపరేషన్ చేసినా ఏ ఆడదానికి చేశారో, దాని హోదా ఏమిటో, ఇంతకు ముందు ఎన్ని కాన్పులో తెలియకపోతే ఫలితం తెలిసే దారి లేదు.

బుధవారం: కూడగామ, తంబుత్తేగామ దగ్గర

పొలొన్నరువ నుంచి అనురాధపురం జిల్లాలోకి వస్తే తంబుత్తేగామ దగ్గర కూడగామ. శ్రీలంకలో తెలుగు మాట్లాడే అహికుంటకుల ఊళ్లలో ఒకటి. పాములాట, కోతులాట, ఆడవాళ్లు చెయ్యి చూసి చెప్పడం వీళ్ల పాత వృత్తులు. దేశ దిమ్మరులుగా గుడారాల్లో తిరిగినవాళ్లు తర్వాత ఊళ్లు కట్టుకుని స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, బయట సింహళం. రాసుకోవడం సింహళంలోనే. ‘నీళ్లు తాగుతారా’ అన్నంత వరకు ఇబ్బంది లేకుండా అర్థమవుతుంది, ఆ తర్వాత వేగం పెరిగితే మధ్యలో సింహళ మాటలు కలిసి జారిపోతుంది. నిదానంగా మాట్లాడమంటే పెద్దవాళ్లు నవ్వుతారు.

పెద్దల ఇంటికి వెళ్లేటప్పుడు తమలపాకుల కట్ట తీసుకెళ్లడం ఇక్కడి పద్ధతి. రెండు చేతులతో ఇవ్వాలి. సంతలో కట్ట వంద, నూట యాభై. ఫోటోలు ముందు అడిగి తీయాలి, పాములబుట్ట తెరవమని మనంతట మనం అడగకూడదు, తెరిస్తే ఐదొందలకు తగ్గకుండా ఇవ్వాలి.

కోతుల గురించి అడిగితే ఒక ముసలాయన చెప్పింది పొలొన్నరువ పద్దులకు సరిగ్గా అతుకుతుంది. ఆడించడానికి పనికొచ్చేది చిన్నప్పుడే తల్లి నుంచి వేరైన పిల్ల. గుంపులో పెరిగినది మాట వినదు. కారణం తేలికే. గుంపులో పిల్లకు తల్లి వల్ల వచ్చిన చోటు ఉంటుంది, అక్కలున్నారు, ఎవరికి లొంగాలో ఎవరిని తోసేయాలో తెలుసు. ఒంటరిదానికి అవేవీ లేవు, మనిషే తల్లీ గుంపూ. అలా పెరిగినదాన్ని మళ్లీ అడవిలో వదిలితే ఏ గుంపూ రానివ్వదనీ, ఎవరికి చోటివ్వాలో దానికి తెలియదనీ ఆయనకూ తెలుసు. కుర్రాళ్లు ఇప్పుడు కోతుల్ని పెంచడం లేదు. కూలి పనులకు, సంతల్లో చిల్లర సామాన్లు అమ్మడానికి పోతున్నారు.

తంబుత్తేగామలో రైల్వేస్టేషన్ ఉంది, ఉత్తరపు లైను మీద. కొలంబో ఫోర్ట్ వెళ్లే రైళ్లలో అన్నీ ఇక్కడ ఆగవు, టికెట్ కిటికీ దగ్గర అడిగి తెలుసుకోవాలి. స్టేషన్ బయట కొట్టులో గేదె పెరుగు, కితుల్ (జీలుగ చెట్టు) పాకం దొరుకుతాయి. మట్టి చట్టిలో పెరుగు ఇద్దరికి సరిపోతుంది.